జెర్సీ మీద పేరు లేని జట్టు: ఆసియా బేస్‌బాల్‌లో తైవాన్

(హైదరాబాద్ స్టూడియోలో రికార్డయిన చర్చా కార్యక్రమం. మాట్లాడిన తీరు మార్చకుండా, ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట్ల మాత్రం కొంచెం సర్ది ఇస్తున్నాం.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఈ వారం టాపిక్ చెప్పగానే మా ఆఫీసులో ఒకాయన "ఉప్పల్‌లో బేస్‌బాల్ ఎప్పుడు పెట్టారమ్మా?" అని అడిగారు. ఉప్పల్‌లో కాదు, తైవాన్‌లో. ఆసియా బేస్‌బాల్ పోటీల్లో తైవాన్ జాతీయ జట్టు ఎలా ఆడింది, దాన్ని మనం ఎలా అర్థం చేసుకోవాలి, ఇదీ చర్చ. నాతో పాటు ముప్పై ఏళ్లుగా ఆటల వార్తలు రాస్తున్న సీనియర్ జర్నలిస్టు ఉన్నారు. నగరంలో పిల్లలకు బేస్‌బాల్ నేర్పే కోచ్ గారు ఉన్నారు. సాఫ్ట్‌బాల్‌లో రాష్ట్రం తరఫున ఆడిన మాజీ క్రీడాకారిణి కూడా వచ్చారు. సార్, మీతోనే మొదలుపెడదాం. ఆసియాలో తైవాన్ ఎన్నో నంబరు జట్టు?

జర్నలిస్టు: ఎన్నో నంబరో చెప్పే ముందు ఒక ప్రశ్న అడగాలి. ఏ జట్టు వచ్చింది?

యాంకర్: అంటే?

జర్నలిస్టు: 2023 అక్టోబరు 7 గుర్తు చేసుకోండి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో క్రికెట్ ఫైనల్. వాన వల్ల ఆట ఆగిపోతే, ర్యాంకింగ్ పైన ఉందని మనకు బంగారు పతకం ఇచ్చారు. కెప్టెన్ ఎవరు? రుతురాజ్ గైక్వాడ్. రోహిత్ లేడు, కోహ్లీ లేడు. మన సిరాజ్ లేడు. వాళ్లందరూ ఇక్కడ ప్రపంచ కప్ ఆడుతున్నారు. మన హైదరాబాదీ తిలక్ వర్మ సెమీస్‌లో బంగ్లాదేశ్ మీద 55 నాటౌట్ కొట్టాడు కాబట్టి మనకు గుర్తుంది గానీ, అది రెండో జట్టు. రేపు ఎవరో విదేశీయుడు పతకాల పట్టిక చూసి "2023లో భారత్ ఆసియా విజేత" అని రాసుకుంటే తప్పు కాదు. కానీ అందులో సగమే ఉంది. ఆసియా బేస్‌బాల్ చరిత్ర మొత్తం ఇలాంటి సగాలతోనే నిండి ఉంది.

కోచ్: అదే రోజు, అదే ఆసియా క్రీడల్లో బేస్‌బాల్ ఫైనల్ కూడా జరిగింది సార్. కొరియా, తైవాన్.

జర్నలిస్టు: అవును, అదే రోజు. ఇక్కడ ఎవరూ చూడలేదు. ఇంకో తమాషా చెప్తా. దానికి ముందు రోజు, అక్టోబరు 6న, మన ఉప్పల్‌లో ప్రపంచ కప్ మ్యాచ్ పాకిస్థాన్‌కీ నెదర్లాండ్స్‌కీ. నేను ప్రెస్ బాక్స్‌లో కూర్చుని పక్కాయనతో అన్నాను, "బాబూ, ఈ రెండు దేశాలూ బేస్‌బాల్‌లో మనకంటే చాలా ముందున్నాయి" అని. ఆయన నన్ను అదోలా చూశాడు. నెదర్లాండ్స్ అయితే యూరప్ ఛాంపియన్‌షిప్ 2021 నాటికి 24 సార్లు గెలిచింది. ఆ తర్వాత ఎక్కువ సార్లు గెలిచింది ఇటలీ, పదిసార్లు. యూరప్ బేస్‌బాల్ అంటే దాదాపు ఆ రెండు ఇళ్ల మధ్య గొడవే.

యాంకర్: యూరప్ పక్కన పెడదాం. ఆసియా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఎప్పటిది?

జర్నలిస్టు: 1954. మనీలాలో పెట్టారు, ఆతిథ్య జట్టు ఫిలిప్పీన్స్ గెలిచింది. ఇప్పుడు వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. తర్వాత జపాన్ వచ్చింది, ఇక దానిదే రాజ్యం. కొరియా 1963లో సియోల్‌లో జపాన్‌ను దాటి గెలిచింది, అది వాళ్లకు పెద్ద పండుగ. తైవాన్‌కు ఈ శతాబ్దంలో చెప్పుకోదగ్గవి రెండు, 2001, 2019. మధ్యలో పద్దెనిమిదేళ్లు ఖాళీ.

కోచ్: ఖాళీ అనకండి సార్.

జర్నలిస్టు: టైటిల్ లేదు కదా.

కోచ్: టైటిల్ లేదు. కానీ 2003లో జపాన్‌లో జరిగిన సప్పొరో టోర్నీ ఉంది. అది టైటిల్ కంటే పెద్దది. చెప్పనా?

యాంకర్: చెప్పండి, అందుకే పిలిచాం.

కోచ్: అప్పుడు ఆసియా ఛాంపియన్‌షిప్ అంటే ఏథెన్స్ ఒలింపిక్స్ టికెట్ కూడా. ఉన్నవి రెండే. జపాన్ మొదటిసారిగా పూర్తిగా ప్రొఫెషనల్ ఆటగాళ్లతో వచ్చింది, మేనేజర్ నాగషిమా. అంటే వాళ్లకు మన గవాస్కరూ, ఎన్టీఆరూ కలిపితే ఎంతో అంత. ఒక టికెట్ వాళ్లదే అని అందరికీ తెలుసు. మిగిలింది ఒకటి. దానికి కొరియా, తైవాన్. ఆ మ్యాచ్ మామూలుగా ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలలేదు, పదో ఇన్నింగ్స్‌కు వెళ్లింది. తైవాన్ 5-4తో గెలిచింది. కొరియా తర్వాత జపాన్ చేతిలో కూడా 2-0తో ఓడి ఇంటికి వెళ్లింది. వాళ్ల పత్రికలు ఇప్పటికీ దాన్ని "సప్పొరో విపత్తు" అంటాయి. రికార్డు పుస్తకంలో ఆ ఏడాది విజేత జపాన్. కానీ తైవాన్ వాళ్లను అడగండి, ఆ టోర్నీలో ఏం జరిగిందో.

మాజీ క్రీడాకారిణి: నేను ఒక మాట అనొచ్చా? మా సాఫ్ట్‌బాల్‌లోనూ ఇంతే. నేషనల్స్‌లో రెండో స్థానం వస్తే మా అమ్మ "ఓడిపోయారా?" అనేది. లేదమ్మా, మేం మూడో స్థానం నుంచి రెండుకు వచ్చాం అంటే అర్థమయ్యేది కాదు. రెండో స్థానాల్లో చాలా రకాలుంటాయి.

యాంకర్: (నవ్వుతూ) మీ అమ్మగారు ఇప్పుడు చూస్తున్నారేమో.

మాజీ క్రీడాకారిణి: చూస్తుంటారు. ఇప్పుడు కూడా అదే అంటారు.

యాంకర్: సరే, మళ్లీ సార్ మాటకు వద్దాం. "ఏ జట్టు వచ్చింది" అన్నారు. మిగతా దేశాలు ఎవరిని పంపుతాయి?

జర్నలిస్టు: ఇదే అసలు కథ. జపాన్ మామూలుగా ఆసియా ఛాంపియన్‌షిప్‌కు తన ప్రొఫెషనల్ స్టార్లను పంపదు. కంపెనీ జట్ల ఆటగాళ్లను పంపుతుంది. అక్కడ టొయోటా, హోండా, ఎనియోస్ లాంటి కంపెనీలకు సొంత జట్లుంటాయి. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం ప్రాక్టీసు. 1927 నుంచి వాళ్లకు ఒక పెద్ద జాతీయ టోర్నీ కూడా నడుస్తోంది. మనకు కొత్తేం కాదు ఇది. ఒకప్పుడు మన హెచ్‌సీఏ లీగ్‌లో ఎస్‌బీహెచ్, ఆంధ్రా బ్యాంక్ జట్లు ఆడేవి గుర్తుందా? క్లర్కు ఉద్యోగం, దాంతో పాటు ఓపెనింగ్ బ్యాటింగ్. జపాన్ ఆ బ్యాంకు జట్టునే ఆసియా టోర్నీకి పంపి, చాలాసార్లు కప్పు పట్టుకొస్తుంది. 2023లో కూడా అంతే, ఫైనల్లో తైవాన్‌ను 1-0తో ఓడించారు. అదీ తైవాన్ కొత్తగా కట్టుకున్న తైపే డోమ్‌లో.

కోచ్: ఆ మ్యాచ్ నేను నెట్‌లో చూశాను. ఒక్క పరుగు. గృహప్రవేశానికి పిలిచిన చుట్టం వచ్చి ఇల్లు తనదే అన్నట్టయింది.

జర్నలిస్టు: ఇక కొరియా. దాని లెక్క వేరు. అక్కడ మగపిల్లలందరూ సైన్యంలో పనిచేయాలి, దాదాపు ఏడాదిన్నర పైనే. ఆటగాడికి అది కెరీర్ మధ్యలో పెద్ద గొయ్యి. మినహాయింపు కావాలంటే ఒలింపిక్ పతకం రావాలి, లేదా ఆసియా క్రీడల్లో బంగారు పతకం రావాలి. ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిస్తే మినహాయింపు లేదు. ఇప్పుడు చెప్పండి, మీరు కొరియా సెలెక్టర్ అయితే మంచి ఆటగాళ్లను ఎక్కడికి పంపుతారు?

యాంకర్: ఆసియా క్రీడలకు.

జర్నలిస్టు: అంతే. 2014లో, 2018లో ఆసియా క్రీడల కోసం ఏకంగా లీగ్‌నే ఆపేశారు. అదే ఆసియా ఛాంపియన్‌షిప్‌కు 2019లో ఎవరిని పంపారు? ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లను. ఆ కుర్రాళ్లు మూడో స్థానం మ్యాచ్‌లో చైనా చేతిలో 6-8తో ఓడారు. అందుకే నేను అంటాను, 2019లో తైవాన్ గెలిచిన కప్పు మీద, "షరతులు వర్తిస్తాయి" అన్నట్టు, ఒక చిన్న నక్షత్రం గుర్తు పెట్టాలి. జపాన్ ఆఫీసు జట్టు, కొరియా కాలేజీ జట్టు. తైవాన్ మాత్రం సొంత గడ్డ మీద, తైచుంగ్‌లో, పట్టుదలగా తయారైన జట్టు.

కోచ్: నక్షత్రం ఎందుకు సార్? ఫైనల్ స్కోరు 5-4. ఆఫీసు జట్టు ఊరికే ఇచ్చేసిందా? అవతలివాడు తమ్ముణ్ణి పంపితే అది ఇవతలివాడి తప్పా? కుస్తీకి రమ్మన్నాం, వచ్చినవాడితో పట్టాం.

జర్నలిస్టు: తప్పనడం లేదు. విలువ గురించి అంటున్నా.

కోచ్: విలువ గెలిచినవాడు కట్టుకుంటాడు. మీరు 2006 దోహా చెప్పరేం? ఆసియా క్రీడలు. కొరియా మొత్తం ప్రొఫెషనల్స్. ర్యూ హ్యూన్-జిన్ ఉన్నాడు, లీ డే-హో ఉన్నాడు, ఓ సుంగ్-హ్వాన్ ఉన్నాడు. జపాన్ అప్పుడు కూడా కంపెనీ వాళ్లనూ, కాలేజీ వాళ్లనూ పంపింది. ఏమైంది? చోనో అనే కాలేజీ కుర్రాడు చివర్లో ఓ సుంగ్-హ్వాన్ బంతిని హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొట్టి 10-7తో కొరియాను ఓడించాడు. అదే టోర్నీలో తైవాన్ కూడా కొరియాను ఓడించింది, ఆఖరి మ్యాచ్‌లో జపాన్‌ను 8-7తో ఓడించి బంగారు పతకం పట్టుకెళ్లింది. పెద్దన్న వచ్చినా తమ్ముడు వచ్చినా ఆ రోజు ఎవరు ఆడితే వాళ్లదే.

జర్నలిస్టు: కోచ్ గారూ, మీరు నా మాటనే బలపరుస్తున్నారు. ఎవరు వచ్చారో చెప్పకపోతే ఆ కథ రుచే లేదు. "కొరియా 7, జపాన్ 10" అని మాత్రమే చెబితే ఏముంది?

(నవ్వులు)

మాజీ క్రీడాకారిణి: ఇద్దరూ ఒకటే చెబుతున్నారు, గొంతులే వేరు.

యాంకర్: నాకు ఇంకో సందేహం. తైవాన్‌కు ఈ ఆట మీద ఇంత మమకారం ఎందుకు? చిన్న దీవి కదా.

జర్నలిస్టు: జపాన్ పాలనలో వచ్చింది. 1931లో అక్కడి ఒక వ్యవసాయ పాఠశాల జట్టు జపాన్ హైస్కూల్ పోటీల ఫైనల్ దాకా వెళ్లింది, అక్కడి కోషియెన్ స్టేడియంలో. జట్టులో జపనీయులు, చైనా సంతతివాళ్లు, అక్కడి ఆదివాసీ పిల్లలు ముగ్గురూ ఉన్నారు. 1968లో హోంగ్‌యే అనే కొండ ఊరి బడి పిల్లలు జపాన్ నుంచి వచ్చిన జట్టును ఓడించారు. మరుసటి ఏడాది తైవాన్ పిల్లల జట్టు అమెరికాకు వెళ్లి లిటిల్ లీగ్ ప్రపంచ కప్పు తెచ్చింది. ఐక్యరాజ్యసమితిలో సీటు పోతున్న కాలం అది. దేశానికి బయట తలెత్తుకోవడానికి ఏమీ లేనప్పుడు పిల్లల చేతుల్లో ఒక కప్పు ఉంది. వాళ్ల 500 డాలర్ల నోటు చూశారా ఎప్పుడైనా?

యాంకర్: లేదు.

జర్నలిస్టు: దాని మీద రాజు లేడు, నాయకుడు లేడు. టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న బడిపిల్లల బేస్‌బాల్ జట్టు ఉంది.

మాజీ క్రీడాకారిణి: అబ్బ! నోటు మీద ఆడుకునే పిల్లలు. ఎంత బాగుంది!

యాంకర్: జట్టు పేరు సంగతి కూడా చెప్పండి. స్కోరు బోర్డు మీద "తైవాన్" అని ఉండదు కదా?

జర్నలిస్టు: ఉండదు. 1981లో ఒలింపిక్ కమిటీతో కుదిరిన ఒప్పందం ప్రకారం "చైనీస్ తైపే". జెండా కూడా వేరే, పాట కూడా వేరే. అందుకే 2024 నవంబరు 24 వాళ్లకు అంత పెద్ద రోజు. అది ఆసియా టోర్నీ కాదు, ప్రీమియర్ 12, ప్రపంచ స్థాయి. టోక్యో డోమ్. ఎదురుగా జపాన్, అంతర్జాతీయ మ్యాచ్‌లలో వరసగా 27 గెలిచి వచ్చిన జపాన్. ఈసారి ఆఫీసు జట్టు కాదు, వాళ్ల ప్రొఫెషనల్ జట్టే. ఐదో ఇన్నింగ్స్‌లో తైవాన్ రెండు హోమ్ రన్లు కొట్టింది. రెండోది కెప్టెన్ చెన్ జియే-షియన్‌ది, బేస్‌ల మీద ఉన్న ఇద్దరితో కలిపి మూడు పరుగులు. బేస్‌లు చుట్టి వస్తూ అతను రెండు చేతులతో ఛాతీ మీద ఒక డబ్బా గీసి చూపించాడు. ఎందుకంటే జెర్సీ మీద అక్కడ ఏమీ రాసి లేదు. పేరు ఉండాల్సిన చోటు ఖాళీ. అయిపోయింది, 4-0.

యాంకర్: అప్పుడు మీరు మీ నక్షత్రం గుర్తు తీసేశారా?

జర్నలిస్టు: ఆ మ్యాచ్‌కు అసలు పెట్టే అవసరమే రాలేదమ్మా.

యాంకర్: కోచ్ గారూ, ఆ మ్యాచ్‌లో మీకేం కనిపించింది?

కోచ్: బౌలింగ్. అంటే పిచ్చింగ్. లిన్ యూ-మిన్ అనే ఎడమచేతి కుర్రాడు. ఇతని కథ హాంగ్‌ఝౌ నుంచి మొదలుపెట్టాలి. 2023 ఆసియా క్రీడల్లో గ్రూప్ మ్యాచ్, కొరియా ప్రొఫెషనల్స్ మీద. ఇరవై ఏళ్ల పిల్లాడు ఆరు ఇన్నింగ్స్ వేశాడు, ఒక్క పరుగు ఇవ్వలేదు. తైవాన్ 4-0. అయితే అవే రెండు జట్లు మళ్లీ ఫైనల్లో తలపడ్డాయి. మళ్లీ ఇతనే. కొరియా వాళ్లు ఇతన్ని ఒకసారి చూసేశారు కదా, రెండో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు లాగేశారు. ఆ రెండే. 2-0తో కొరియాకు బంగారం, వాళ్లలో చాలామందికి సైన్యం నుంచి మినహాయింపు. ఒక కుర్రాడి ఒక్క ఇన్నింగ్స్ మీద అవతలి జట్టులో అంతమంది కుర్రాళ్ల ఏడాదిన్నర ఆధారపడి ఉంది. చూడండి ఎంత బరువు!

మాజీ క్రీడాకారిణి: సర్కిల్‌లో నిలబడి బంతి వేసినవాళ్లకు ఆ టెన్షన్ తెలుస్తుంది సార్. అరచేతులకు చెమట పట్టిందంటే బంతి పట్టు పోతుంది. నేను ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉండేదాన్ని, అంపైర్ తిట్టేవాడు.

కోచ్: ఏడాది తర్వాత టోక్యోలో. ఫైనల్‌కు ముందు రోజు కూడా జపాన్‌తోనే మ్యాచ్, దానికి లిన్‌నే స్టార్టర్, అంటే మొదట బంతి వేసేవాడు, అని ప్రకటించారు. కానీ ఈలోపు ఫైనల్ బెర్తు ఖాయమైంది. తైవాన్ వాళ్లు జరిమానా కట్టి మరీ అతన్ని ఆపి, వేరేవాణ్ణి దించారు. ఆ మ్యాచ్ 9-6తో పోయింది, పోతే పోనీ అనుకున్నారు. మర్నాడు ఫైనల్లో లిన్ నాలుగు ఇన్నింగ్స్, సున్నా పరుగులు. నేను మా పిల్లలకు చెప్పేది ఇదే. ఏ రోజు ఎవర్ని దించాలో తెలియడం కూడా ఆటే.

జర్నలిస్టు: అంటే మళ్లీ, ఏ జట్టు వచ్చింది!

కోచ్: సరే సార్, మీకో మార్కు.

యాంకర్: చిన్న బ్రేక్ తర్వాత కలుద్దాం.

(విరామం)

యాంకర్: మళ్లీ స్వాగతం. బ్రేక్‌లో వీళ్లిద్దరూ ఇంకా పోట్లాడుకుంటున్నారు. సార్, 2019 గెలుపు వల్ల తైవాన్‌కు ఏం వచ్చిందని మీరేదో అంటున్నారు.

జర్నలిస్టు: ఏం వచ్చిందంటే, ఒలింపిక్స్ ఆఖరి క్వాలిఫయింగ్ టోర్నీకి సీటు. చైనాకు కూడా. కొరియా కాలేజీ పిల్లలు ఓడారు కదా, కొరియాకు నష్టమేమీ లేదు. సరిగ్గా మరుసటి నెలలో ప్రీమియర్ 12 ఉంది. అక్కడికి పెద్ద జట్టు వెళ్లింది. ఆ టోర్నీలో తైవాన్ చేతిలో కొరియా 7-0తో ఓడింది కూడా. అయినా మొత్తం మీద పైకి నిలిచి ఫైనల్ దాకా వెళ్లి, నేరుగా టోక్యో ఒలింపిక్స్ టికెట్ పట్టుకుపోయింది. తైవాన్ చేతిలో మిగిలింది ఆ ఆఖరి క్వాలిఫయర్. అది తైవాన్‌లోనే జరగాలి. కోవిడ్ వచ్చింది. వాయిదాలు పడ్డాయి. చివరికి 2021 జూన్‌లో మెక్సికోలో, ప్యూబ్లాలో పెట్టారు. తైవాన్‌లో అప్పుడే కేసులు పెరిగాయి. జట్టును పంపలేదు. చైనా, ఆస్ట్రేలియా కూడా తప్పుకున్నాయి. మిగిలినవాళ్లలో డొమినికన్ రిపబ్లిక్ గెలిచి ఒలింపిక్స్‌కు వెళ్లింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు. కప్పు గెలిచి, టికెట్ సంపాదించి, బండి ఎక్కలేదు.

మాజీ క్రీడాకారిణి: ఆ బ్యాచ్ ఆటగాళ్లలో కొందరికి అదే ఆఖరి అవకాశం అయి ఉంటుంది.

జర్నలిస్టు: అయి ఉంటుంది. పారిస్‌లో బేస్‌బాలే లేదు కదా.

యాంకర్: ఇంత చేసిన జట్టు 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో, అంటే దేశాల జట్లు ఆడే ప్రపంచ కప్పులో, తన గ్రూపులో ఆఖరి స్థానంలో ఎలా ఉంది? నేను నిన్న చదువుతుంటే నమ్మలేదు.

జర్నలిస్టు: అది లెక్కల కథ, అమ్మాయి చెబుతుంది. ఇందాక బయట కాగితం మీద వేసి చూపించింది.

మాజీ క్రీడాకారిణి: చెప్తాను. తైచుంగ్‌లో గ్రూప్. క్యూబా, ఇటలీ, నెదర్లాండ్స్, పనామా, తైవాన్. ఐదు జట్లు, ఒక్కొక్కరికి నాలుగు మ్యాచ్‌లు. చివరికి ఐదుగురికీ రెండు గెలుపులు, రెండు ఓటములు. ఐదుగురికీ! మన ఐపీఎల్‌లో అయితే నెట్ రన్ రేట్ చూస్తాం. ఇక్కడ ఎన్ని పరుగులు ఇచ్చారు, ఎన్ని అవుట్లు తీశారు, ఆ లెక్క. మనం ఎన్ని కొట్టామో మొదట చూడరు. తైవాన్ ఇటలీ మీద 11-7తో గెలిచింది, నెదర్లాండ్స్ మీద 9-5తో గెలిచింది. కానీ గెలిచిన వాటిలో కూడా ఏడూ, ఐదూ ఇచ్చుకుంది. మొదటి రోజు పనామాకు 12 ఇచ్చింది, చివరి రోజు క్యూబాకు 7. మొత్తం కూడితే వాళ్లే అట్టడుగు. ఇటలీని, నెదర్లాండ్స్‌ను ఓడించి కూడా ఐదో స్థానం. తర్వాతి కప్పుకు నేరుగా చోటు పోయి, మళ్లీ క్వాలిఫయర్ ఆడాల్సి వచ్చింది.

కోచ్: అవతల ఎంత కొట్టామన్నది జనానికి గుర్తుంటుంది. పట్టికకు ఎంత ఇచ్చామన్నదే గుర్తుంటుంది.

యాంకర్: ఆ క్వాలిఫయర్?

జర్నలిస్టు: 2025 ఫిబ్రవరి, తైపే డోమ్. ప్రీమియర్ 12 గెలిచి మూడు నెలలు కాలేదు. ప్రపంచ విజేతలు క్వాలిఫయర్ ఆడుతున్నారు, చూడండి విచిత్రం! పైగా మొదట్లోనే స్పెయిన్ చేతిలో 12-5తో ఓడారు. స్పెయిన్ అంటే 2023 యూరప్ ఛాంపియన్, తక్కువేం కాదు. మళ్లీ అదే స్పెయిన్‌తో చావోరేవో మ్యాచ్ పడింది. 6-3తో బయటపడ్డారు.

యాంకర్: మన ఫోన్ లైన్‌లో ఒకరు చాలాసేపటి నుంచి ఉన్నారు. మల్కాజిగిరి నుంచి. చెప్పండి అన్నా.

ఫోన్‌లో: నమస్తే మేడమ్. అందరికీ నమస్తే. నేను రెండు మాటలు అడుగుతా. ఒకటి, మన ఇండియా ఎందుకు లేదు ఈ లెక్కల్లో? పాకిస్థాన్ మనకంటే ముందుంది అంటున్నారు. రెండోది తర్వాత అడుగుతా.

జర్నలిస్టు: నేను చెబుతాను. ఆసియా ఛాంపియన్‌షిప్‌లోకి పోవాలంటే మన వైపు దేశాలకు పశ్చిమ ఆసియా కప్పు అని ఒక గుమ్మం ఉంది. అక్కడ పాకిస్థాన్ చాలా కాలంగా పెద్ద జట్టు. 2019లో శ్రీలంక ఆ కప్పు గెలిచింది. శ్రీలంకలో కొలంబో దగ్గర జపాన్ సాయంతో కట్టిన అసలు బేస్‌బాల్ గ్రౌండ్ ఉంది, దాని ప్రభావం కనిపిస్తుంది. మన దేశంలో చేతిబలం లేక కాదు. 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అని ఇద్దరు కుర్రాళ్లు ఒక టీవీ పోటీలో బంతి విసిరి, అమెరికాలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే బేస్‌బాల్ జట్టుతో సంతకం చేశారు. జావెలిన్ విసిరే కుర్రాళ్లు వాళ్లు. చేయి ఉంది. చేయి ఒక్కటే ఉంటే జట్టు కాదు.

మాజీ క్రీడాకారిణి: సార్, ఇది మరీ సున్నితంగా చెప్పారు. నేను చెప్తా. మేం ఆడిన గ్రౌండ్‌లో సెకండ్ బేస్ పక్కన సిమెంటు పిచ్ ఉండేది. క్రికెట్‌ది. బేస్‌లోకి స్లైడ్ చేస్తే మోకాలు చీరుకుపోయేది. దాంతో అమ్మాయిలు స్లైడ్ చేయడమే మానేశారు. స్లైడ్ చేయని జట్టు జపాన్ మీద ఎలా ఆడుతుంది? ఇది మా గ్రౌండ్ కథ. ఎవర్నీ అనడం లేదు.

జర్నలిస్టు: హైదరాబాద్ వాళ్లం మనం ఒకటి గుర్తు పెట్టుకోవాలి. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చిన జట్టుకు కోచ్ మన రహీం సాబ్. ఆ జట్టును ఇక్కడి గ్రౌండ్ల నుంచి, పోలీసు జట్టు నుంచి ఏరి కూర్చిన మనిషి. ఆయన మరుసటి ఏడాదే పోయారు. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ ఎక్కడుందో మీకు చెప్పక్కర్లేదు. తైవాన్ వాళ్లకూ కష్టాలొచ్చాయి. తొంభైల్లో వాళ్ల లీగ్‌లో బెట్టింగ్ కుంభకోణాలు వచ్చి జనం స్టేడియాలకు రావడం మానేశారు. కానీ ఆసియా పోటీలకు జట్టును పంపడం మాత్రం మానలేదు. అది నాకు నచ్చుతుంది, నక్షత్రం గుర్తు పెట్టినా సరే.

కోచ్: మా పిల్లలకు ఈ మాట రికార్డు చేసి వినిపిస్తా.

యాంకర్: అన్నా, మీ రెండో ప్రశ్న?

ఫోన్‌లో: రెండోది ప్రశ్న కాదు మేడమ్. మా బాబుకు పన్నెండేళ్లు. క్రికెట్ కోచింగ్‌లో వేశాం. బౌలింగ్ చేస్తాడు గానీ మోచేయి వంగుతోంది, చకింగ్ అని అక్కడ వద్దంటున్నారు. వాడికి స్పీడ్ మాత్రం బాగా ఉంది. ఇంట్లో అద్దం పగలగొట్టాడు. ఇందాక కోచ్ గారు ఎడమచేతి పిల్లాడి గురించి చెబుతుంటే వీడు పక్కన కూర్చుని వింటున్నాడు. మావాడిదీ ఎడమచేయే.

కోచ్: ఏ చేత్తో విసురుతాడండీ? రాయడం కాదు, విసరడం.

ఫోన్‌లో: రాయడం కుడితోనే. విసరడం ఎడమ.

కోచ్: మోచేయి వంగితే బేస్‌బాల్‌లో తప్పే లేదు, అక్కడ వంగాలి కూడా. పన్నెండేళ్లకు మరీ గట్టిగా వేయించొద్దు, భుజం జాగ్రత్త. ఒకసారి తీసుకురండి.

ఫోన్‌లో: గ్లవ్ కొనాలా సార్? షాపులో అడిగితే కుడిచేతి వాళ్లవే ఉన్నాయన్నారు.

కోచ్: కొనొద్దు. ఎడమచేత్తో విసిరేవాళ్లకు కుడిచేతికి తొడుక్కునే గ్లవ్ కావాలి, ఇక్కడ దొరకడం కష్టం. మా సంచిలో ఒకటుంది. రెండేళ్లుగా ఎవరూ తొడగలేదు.

యాంకర్: ఎప్పుడు రమ్మంటారు వాళ్లను?

కోచ్: ఆదివారం పొద్దున ఆరున్నరకు. ఆలస్యం చేయకండి. ఏడున్నరకు క్రికెట్ వాళ్లు వస్తారు, అప్పటికి మేం బేస్‌లు తీసేసి గ్రౌండ్ ఖాళీ చేయాలి.